ఇద్దరు స్టార్ గార్డులు, ఒకటే బంతి: మీ టీమ్‌కు ఏ పద్ధతి నప్పుతుంది?

మీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఇద్దరు మంచి గార్డులు (బంతి నడిపే, బయటి నుంచి షాట్ వేసే ఆటగాళ్లు) ఉన్నారు. ఒకడి చేతికి బంతి చిక్కిందంటే ఆపడం కష్టం. రెండు చేతులతోనూ డ్రిబుల్ చేస్తూ ఇద్దరిని దాటి రింగ్ కిందికి పోతాడు, వీడిని దూసుకెళ్లేవాడు అందాం. అక్కడ దారి ఉంటే లేఅప్ (రింగ్ దగ్గరికి పోయి వేసే షాట్) వేస్తాడు, లేకపోతే ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇస్తాడు. దూరం నుంచి వేయమంటే మాత్రం పదింటిలో రెండో మూడో పడతాయి. రెండోవాడు గురికాడు. త్రీ పాయింట్ లైన్ బయట జానెడు ఖాళీ దొరికితే చాలు, నెట్ చప్పుడు వినిపిస్తుంది. కానీ ఎవడైనా మీద పడి ఒత్తిడి చేస్తే బంతి కాపాడుకోలేడు.

అనంతపురంలో కాలేజీ పిల్లలకు సాయంత్రం పూట బాస్కెట్‌బాల్ నేర్పుతున్న నాకు ఇలాంటి జతలు చాలాసార్లే దొరికాయి. దొరికిన ప్రతిసారీ గ్యాలరీలో కూర్చున్న పెద్దవాళ్లు ఒకే మాట అంటారు: ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఎవడో ఒకడిని తేల్చుకో అని. నేను మొదట్లో ఆ మాట నమ్మి ఒక మంచి పిల్లోడిని ఏడాదంతా బెంచీ మీద కూర్చోబెట్టాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఇద్దరికీ చోటు ఉంటుంది. ఆ చోటు ఎక్కడన్నది మీ పిల్లల్ని బట్టి, మీరు ఆడే గ్రౌండ్‌ని బట్టి, ఎదుటి టీమ్‌ని బట్టి మారుతుంది. ఇందులో ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి. వాటిని పోల్చే ముందు ఏం చూసి ఎంచుకోవాలో చెప్తాను.

## ముందు చూసుకోవాల్సినవి

బంతి చేతిలో లేనప్పుడు ఎవడు ఏం చేస్తాడు?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మనం సెలెక్షన్‌లో చూసేదంతా బంతి చేతిలో ఉన్నప్పుడు ఏం చేస్తాడన్నది. ఇద్దరూ కోర్టులో ఉంటే ఏ క్షణంలోనైనా ఒకడి చేతులు ఖాళీగా ఉండక తప్పదు. ఆ ఖాళీ చేతులవాడు ఎదుటి టీమ్‌ని ఎంత ఇబ్బంది పెడతాడన్న దాన్ని బట్టే జత నిలుస్తుంది.

గురికాడికి ఇక్కడ పుట్టుకతోనే లాభం ఉంది. వాడు మూలన ఊరికే నిలబడినా, వాడి మీద ఉన్న డిఫెండర్ కదలలేడు. కదిలితే మూడు పాయింట్లు పోతాయి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ గార్డ్ క్లే థాంప్సన్ 2016 డిసెంబర్‌లో ఇండియానా పేసర్స్ మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు వేశాడు. ఆ మ్యాచ్ మొత్తంలో అతను చేసిన డ్రిబుల్స్ 11 మాత్రమే, బంతి అతని చేతిలో ఉన్నది దాదాపు 90 సెకన్లు. మిగతా సమయమంతా పరుగు, స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడిన తోటి ఆటగాడు) చుట్టూ తిరగడం, పాస్ అందుకునే లోపే కాళ్లు సర్దుకోవడం. ఈ అంకె నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. బంతి ఎక్కువసేపు పట్టుకున్నవాడే స్టార్ అనే భ్రమ పోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దూసుకెళ్లేవాడి సంగతి వేరు. బంతి లేకపోతే వాడి డిఫెండర్ వాడిని వదిలేసి రింగ్ కింద కాపలా కాస్తాడు. వాడికి బంతి లేకుండా పని నేర్పాలి: డిఫెండర్ చూపు తిప్పగానే రింగ్ వైపు కట్ చేయడం (ఒక్కసారిగా పరుగెత్తడం), గురికాడి కోసం స్క్రీన్ పెట్టడం. ఇది నేర్చుకుంటాడా లేదా అన్నది తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ప్రాక్టీస్‌లో అయిదుగురికి అయిదుగురు ఆడిస్తూ పది నిమిషాలు దూసుకెళ్లేవాడికి డ్రిబుల్ నిషేధించండి. పాస్ చేయొచ్చు, కట్ చేయొచ్చు, షూట్ చేయొచ్చు. ఆ పది నిమిషాల్లో వాడు నిలబడిపోతే ఒక జవాబు, దారులు వెతుక్కుంటే ఇంకో జవాబు.

ప్రెస్ పడితే బంతి ఎవరు దాటిస్తారు?

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో బంతిని మన సగం నుంచి 8 సెకన్లలో దాటించాలి. మొత్తం దాడికి 24 సెకన్లు. జిల్లా స్థాయి మ్యాచ్‌ల్లో, ముఖ్యంగా స్కూల్ పిల్లలవి, అమ్మాయిలవి చూడండి. సగం మ్యాచ్‌లు ఫుల్ కోర్ట్ ప్రెస్‌తోనే, అంటే కోర్టు పొడవునా మీద పడి ఒత్తిడి చేయడంతోనే తేలిపోతాయి. బంతి దాటించగలిగినవాడు ఒక్కడే ఉంటే వాడు బెంచీకి వెళ్లిన నిమిషాలే మీ మ్యాచ్‌ని పోగొడతాయి.

ఎదుటివాళ్లది జోనా, మ్యాన్ టు మ్యానా?

2-3 జోన్ వేసి (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాస్తూ ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) రింగ్ కింద ముగ్గురిని నిలబెడితే దూసుకెళ్లేవాడికి గోడకు గుద్దుకున్నట్టు ఉంటుంది. అక్కడ గురికాడు బంగారం. ఒక్కొక్కడు ఒక్కొక్కడిని కాసే మ్యాన్ టు మ్యాన్‌లో అంతా తారుమారు. ఒక్కడిని దాటితే చాలు, డిఫెన్స్ మొత్తం చెదురుతుంది.

గ్రౌండ్ ఎలాంటిది?

టీవీలో చూసి నేర్చుకునేవాళ్లు ఇది మర్చిపోతారు. మన దగ్గర ఎక్కువ మ్యాచ్‌లు బయట, సిమెంట్ కోర్టు మీద. ఆషాఢంలో అనంతపురం గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో 6.75 మీటర్ల త్రీ పాయింట్ దూరం నుంచి వేసిన బంతి చేయి వదిలిన దారిలో పోదు. గురికాడి విలువ ఆ పూటకి సగం పడిపోతుంది. అదే కోర్టు మీద సన్నటి దుమ్ము పేరుకుంటే దూసుకెళ్లేవాడు బ్రేక్ వేయబోయి జారతాడు. అందుకే మ్యాచ్‌కి గంట ముందు వెళ్లి నేను చూసేవి మూడు: గాలి ఎటు వీస్తోంది, రింగ్ కింద దుమ్ము ఉందా, సాయంత్రం ఎండ ఏ రింగ్ వైపు చూసేవాళ్ల కళ్లలో పడుతోంది. ఇండోర్‌లో ఆడే అదృష్టం ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

ఎత్తు, ఫౌల్స్, దమ్ము

ఇద్దరు గార్డులూ పొట్టివాళ్లయితే డిఫెన్స్‌లో ఎవరో ఒకరు తనకంటే పొడుగువాడిని కాయాలి. అయిదో ఫౌల్‌తో ఆటగాడు బయటికి పోతాడు. దూసుకెళ్లేవాడికి అఫెన్సివ్ ఫౌల్స్ (దాడిలో డిఫెండర్‌ని గుద్దితే పడేవి) కూడా తోడవుతాయి కాబట్టి ఆ ప్రమాదం వాడికే ఎక్కువ. ఇక దమ్ము. కడప, కర్నూలు ఎండలో పొద్దున పది దాటాక మ్యాచ్ పడిందంటే 40 నిమిషాలూ ఒకే వేగంతో పరుగెత్తే పిల్లోడు ఉండడు.

ఇదంతా కలిపి చూస్తే ఇలా ఉంటుంది:

| పరిస్థితి | దూసుకెళ్లేవాడు | గురికాడు |
|---|---|---|
| ఫుల్ కోర్ట్ ప్రెస్ | చాలా అవసరం | ఒంటరిగా వదిలితే ప్రమాదం |
| 2-3 జోన్ | ఇరుక్కుపోతాడు | చాలా అవసరం |
| మ్యాన్ టు మ్యాన్ | డిఫెన్స్‌ని చెదరగొడతాడు | ఆ చెదిరిన చోట పాయింట్లు వేస్తాడు |
| గాలి ఎక్కువ | పెద్దగా తేడా లేదు | బాగా తగ్గుతాడు |
| దుమ్ము, జారే కోర్టు | తగ్గుతాడు, గాయం భయం | పెద్దగా తేడా లేదు |
| ఆధిక్యం కాపాడుకోవడం | బంతి నిలుపుతాడు | ఫ్రీ త్రోలు వేస్తాడు |
| వెనకబడి అందుకోవడం | ఫౌల్స్ రాబడతాడు | మూడేసి పాయింట్లు తెస్తాడు |

## పద్ధతి 1: ఇద్దరూ కలిసి, పని విడదీసి

బంతి ఎప్పుడూ దూసుకెళ్లేవాడి చేతిలోనే. గురికాడు బంతి లేకుండా తిరుగుతాడు. మ్యాచ్‌లో ఎక్కువ భాగం ఇద్దరూ కోర్టులోనే.

లాభం స్పష్టం. ఎవరి పని వాళ్లకు తెలుసు, తడబాటు ఉండదు. దూసుకెళ్లేవాడు లోపలికి పోతే గురికాడి మీదున్న డిఫెండర్‌కి రెండే దారులు. సాయానికి పోతే మూడు పాయింట్లు, పోకపోతే లేఅప్. మన స్థాయిలో ఇంతకంటే పెద్ద ప్లే ఏదీ అక్కర్లేదు, ఇదొక్కటి బాగా చేస్తే చాలు.

డెట్రాయిట్ పిస్టన్స్ 1989, 1990 టైటిళ్లు గెలిచింది దాదాపు ఇలాంటి జతతోనే. ఐజయ్యా థామస్ ఆట నడిపేవాడు, జో డూమార్స్ నెమ్మదిగా తన పని తను చేసుకుంటూ ఎదుటి టీమ్ పెద్ద గార్డ్‌ని కాసేవాడు. మొదటి ఏడాది ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) డూమార్స్‌కి వచ్చింది, రెండో ఏడాది ఐజయ్యాకి వచ్చింది. పని విడదీస్తే ఒకడి పేరు తగ్గిపోతుందని భయపడే పిల్లలకు ఈ ముక్క చెప్పండి.

నష్టం ఎక్కడంటే, గురికాడికి నాలుగైదు నిమిషాలు బంతి రాకపోతే ముఖం మాడుతుంది. నా దగ్గర ఆడిన ఒక పిల్లోడు హాఫ్ టైమ్‌లో వచ్చి, "సార్, బాల్ నా తావకి రావడమే లేదు, ఉత్తగా నిలబడుకోనుండా" అన్నాడు. "ఉత్తగా ఎందుకప్పా? నువ్వు ఆ మూలన ఉండబట్టే నీ మీదున్నోడు రింగ్ కిందికి పోలేకుండా ఉండాడు. వాడు పోయుంటే మనోడికి ఆ నాలుగు లేఅప్‌లు పడేవా?" అన్నాను. వాడికి అర్థమైంది. కానీ మాటతోనే సరిపెట్టకూడదు. ప్రతి క్వార్టర్‌లో మొదటి రెండు దాడుల్లో ఒకటి గురికాడి కోసమే వేయండి, ఒక స్క్రీన్, ఒక పాస్, ఒక షాట్. చేయి వేడిగా ఉంటుంది, మనసు కుదురుగా ఉంటుంది.

ఇంకో నష్టం, ఇద్దరూ ఎక్కువసేపు కలిసి ఆడితే ఇద్దరూ ఒకేసారి అలిసిపోతారు. ఆ తర్వాత ఏమవుతుందో మూడో పద్ధతిలో చెప్తాను.

## పద్ధతి 2: బంతి మార్చి మార్చి

ఒక దాడి ఒకడు నడిపితే ఇంకో దాడి రెండోవాడు. లేదా రీబౌండ్ (షాట్ మిస్సయి తిరిగొచ్చిన బంతి) ఎవరికి దగ్గరగా పడితే వాడే బంతి తీసుకెళ్తాడు.

ఇద్దరికీ డ్రిబుల్, పాస్ రెండూ ఉంటే ఇది అందంగా ఉంటుంది, ఎదుటివాళ్లు ఎవరి మీద ప్రెస్ వేయాలో తేల్చుకోలేరు. 1971లో ఎర్ల్ మన్రో న్యూయార్క్ నిక్స్‌కి వచ్చినప్పుడు అక్కడ అప్పటికే వాల్ట్ ఫ్రేజియర్ ఉన్నాడు. ఇద్దరికీ ఒకటే బంతి ఎలా చాలుతుందని చాలామంది అనుమానపడ్డారు. మన్రో తన షాట్లు తగ్గించుకుని సర్దుకున్నాడు, 1973లో ఆ టీమ్ టైటిల్ గెలిచింది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ ఒకడు తగ్గాడు కాబట్టే పంచుకోవడం కుదిరింది.

మనం మొదట చెప్పుకున్న జతకి మాత్రం నేను దీన్ని సిఫార్సు చేయను. వేరుశనగ చేలో గొర్రు తోలినవాళ్లను అడగండి. దాపల కట్టడం అలవాటైన ఎద్దుని వలపలకి మారిస్తే రెండూ మంచి ఎద్దులే అయినా సాలు వంకర పోతుంది. ఒత్తిడిలో బంతి కాపాడుకోలేని గురికాడి చేత సమానత్వం కోసం బంతి మోయిస్తే వాడి ఆటా చెడుతుంది, టీమ్ ఆటా చెడుతుంది. సమానంగా చూడడం అంటే ఇద్దరికీ ఒకే పని ఇవ్వడం అని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. వాళ్లతో ఓపికగా మాట్లాడాలి.

ఇద్దరూ పొట్టి, ఇద్దరూ స్కోరర్లు అయినప్పుడు ఇంకో చిక్కు ఉంది. పోర్ట్‌లాండ్‌లో డేమియన్ లిల్లార్డ్, సీజే మెకొలమ్ ఏళ్లతరబడి కలిసి ఆడారు. దాడిలో వాళ్లకు తిరుగులేదు. కానీ 2018 ప్లేఆఫ్స్‌లో న్యూ ఓర్లీన్స్ లిల్లార్డ్ మీద ఇద్దరేసి వచ్చి బంతి లాక్కుని 4-0తో ఇంటికి పంపింది. 2019లో కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లినా అక్కడా 4-0తో ఓడారు. ఆ ఇద్దరితో పాటు నిఖార్సుగా పాస్ చేసే మూడోవాడు, డిఫెన్స్‌లో కాసే పొడుగువాడు ఉండాలన్నది నాకు ఆ సిరీస్‌లు చూశాక గట్టిపడిన నమ్మకం.

ఆ మూడోవాడి విలువ వారియర్స్‌లో కనిపిస్తుంది. స్టీవ్ కెర్ కోచ్‌గా వచ్చాక స్టెఫెన్ కర్రీ కూడా బంతి వదిలేసి తిరిగేవాడు, ఇతరుల కోసం స్క్రీన్ పెట్టేవాడు, ఫార్వర్డ్ డ్రేమండ్ గ్రీన్ మధ్యలో నిలబడి పాస్‌లు పంచేవాడు. 2015లో వాళ్లకు 40 ఏళ్ల తర్వాత టైటిల్ వచ్చింది. మీ సెంటర్‌కో ఫార్వర్డ్‌కో మంచి పాస్ ఉంటే, ఇద్దరు గార్డులనూ బంతి లేకుండా పరుగెత్తించి చూడండి.

## పద్ధతి 3: కలిసి కొంత, విడిగా కొంత

నా ఓటు దీనికి. మొదట కలిసి, చివర కలిసి, మధ్యలో ఎప్పుడూ ఒకడు కోర్టులో ఉండేలా.

ఎందుకో నా అనుభవం చెప్తాను. ఒక కాలేజీ మ్యాచ్‌లో మూడు క్వార్టర్లు ఇద్దరినీ కలిపే ఆడించాను, తొమ్మిది పాయింట్ల ఆధిక్యం వచ్చింది. ఇద్దరూ రొప్పుతున్నారు. నాలుగో క్వార్టర్ మొదట్లో ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టాను, మూడు నిమిషాలే కదా అనుకున్నాను. ఎదుటి కోచ్ అది చూసి వెంటనే ప్రెస్ వేయించాడు. మా పిల్లలు వరసగా నాలుగుసార్లు బంతి సగం దాటించలేకపోయారు. నేను మళ్లీ ఇద్దరినీ పంపే సరికి ఆధిక్యం పోయింది, పిల్లల ధైర్యం కూడా పోయింది. ఓడిపోయాం. తప్పు పిల్లలది కాదు, లెక్క వేసుకోని నాది.

లెక్క చాలా సులువు. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 40. ఇద్దరూ చెరో 30 నిమిషాలు ఆడితే, ఎప్పుడూ ఒకడు ఉండాలంటే, 20 నిమిషాలు కలిసి, 10 నిమిషాలు ఒకడు, 10 నిమిషాలు ఇంకొకడు. చెరో 32 ఆడగలిగితే 24 కలిసి, చెరో 8 విడిగా.

| సమయం | కోర్టులో |
|---|---|
| మొదటి క్వార్టర్, తొలి 5 నిమిషాలు | ఇద్దరూ |
| మొదటి క్వార్టర్, చివరి 5 | గురికాడు |
| రెండో క్వార్టర్, తొలి 5 | దూసుకెళ్లేవాడు |
| రెండో క్వార్టర్, చివరి 5 | ఇద్దరూ |
| మూడో క్వార్టర్, తొలి 5 | ఇద్దరూ |
| మూడో క్వార్టర్, చివరి 5 | గురికాడు |
| నాలుగో క్వార్టర్, తొలి 5 | దూసుకెళ్లేవాడు |
| నాలుగో క్వార్టర్, చివరి 5 | ఇద్దరూ |

క్వార్టర్ల మధ్య 2 నిమిషాల విరామం కూడా కలిసి వచ్చేలా ఇలా అమర్చాను. ప్రతి విశ్రాంతీ గడియారంలో అయిదు నిమిషాలే అయినా విరామం, ఫౌల్స్, ఆగిన సమయం కలిపితే పది నిమిషాల దాకా ఊపిరి తీసుకోవచ్చు. నిర్వాహకులు క్వార్టర్ నిడివి తగ్గిస్తే ఇదే నిష్పత్తిలో కుదించుకోండి.

విడిగా ఉన్న నిమిషాల్లో ఒక్కొక్కరి చుట్టూ పెట్టే నలుగురు కూడా వేరుగా ఉండాలి. దూసుకెళ్లేవాడు ఒంటరిగా ఉంటే చుట్టూ షాట్ ఉన్నవాళ్లు కావాలి, లేకపోతే అందరూ రింగ్ కింద మూగి వాడి దారి మూసేస్తారు. గురికాడు ఒంటరిగా ఉంటే బంతి భద్రంగా దాటించే మూడో గార్డ్ ఒకడు, గట్టి స్క్రీన్ పెట్టే పొడుగువాడు ఒకడు తప్పనిసరి. ఈ మూడో గార్డ్ స్టార్ కానక్కర్లేదు. బంతి పోగొట్టకపోతే చాలు. నిజం చెప్పాలంటే ఈ పద్ధతి మొత్తం ఆ పిల్లోడి మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే నేను జూన్ నుంచే వాడిని వెతుక్కుంటాను.

పెద్ద స్థాయిలో దీనికి మంచి ఉదాహరణ 2017-18 హ్యూస్టన్ రాకెట్స్. జేమ్స్ హార్డెన్, క్రిస్ పాల్ ఇద్దరూ బంతి చేతిలో ఉంటేనే ఆడేవాళ్లు. కోచ్ మైక్ డాంటోని నిమిషాలు విడదీసి, వీలైనంతవరకు ఎప్పుడూ ఇద్దరిలో ఒకరు ఉండేలా చూశాడు. 65 మ్యాచ్‌లు గెలిచారు. కాన్ఫరెన్స్ ఫైనల్‌లో వారియర్స్ మీద 3-2 ఆధిక్యం తెచ్చిన అయిదో మ్యాచ్ చివర్లో పాల్‌కి తొడ కండరం పట్టేసింది, చివరి రెండు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ వరసగా 27 త్రీ పాయింటర్లు మిస్ చేసి ఓడింది. ఇద్దరి మీద కట్టిన ఏ పద్ధతికైనా ఉన్న బలహీనత అది. ఒకడు పడిపోతే రెండోవాడి మీద బరువంతా పడుతుంది. ఆ రోజు కోసం కూడా ప్రాక్టీస్‌లో ఒక వారం కేటాయించండి.

## పద్ధతి 4: ఒకడిని బెంచీ నుంచి తేవడం

ఇద్దరిలో ఒకడు మొదటి అయిదుగురిలో ఉండడు. మొదటి క్వార్టర్ మధ్యలో వస్తాడు, ఎదుటి టీమ్ రెండో వరుస ఆటగాళ్ల మీద విరుచుకుపడతాడు, చివర్లో మాత్రం కోర్టులోనే ఉంటాడు.

శాన్ ఆంటోనియో స్పర్స్‌లో మాను జినోబిలి చేసింది ఇదే. టోనీ పార్కర్ మొదలుపెట్టేవాడు, జినోబిలి తర్వాత వచ్చేవాడు. 2008లో అతనికి సిక్స్త్ మ్యాన్ అవార్డు (బెంచీ నుంచి వచ్చేవాళ్లలో మేటికి ఇచ్చేది) వచ్చింది. నాలుగు టైటిళ్ల ఆటగాడు బెంచీ నుంచి రావడానికి ఒప్పుకున్నాడంటే అది కోచ్ గ్రెగ్ పొపొవిచ్ మీద ఉన్న నమ్మకం.

మన దగ్గర ఇది ఆటపరంగా బాగానే పనిచేస్తుంది, మనసుల దగ్గరే కష్టం. మ్యాచ్ చూడడానికి ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన నాన్న ముందు కొడుకు మొదటి అయిదుగురిలో లేకపోతే ఆ పిల్లోడికి ఎంత నామోషీగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. పదిహేడేళ్ల వయసులో అది చిన్న విషయం కాదు. అందుకే స్కూల్ పిల్లల విషయంలో నేను దీనికి తొందరపడను. కాలేజీ సీనియర్లు, క్లబ్ ఆటగాళ్లు అయితే ముందుగా మాట్లాడి చేయొచ్చు. ఎవరిని బెంచీ నుంచి తేవాలంటే, వయసులో పెద్దవాడిని, ఆటని బయటి నుంచి చదవగలిగినవాడిని. చిన్నవాడైతే శిక్ష అనుకుంటాడు.

## మీకు ఏది?

స్కూల్ పీఈటీలకు. మీ దగ్గర పనికొచ్చేవాళ్లు ఏడెనిమిది మందే ఉంటారు. మూడో గార్డ్ దొరికితే పద్ధతి 3, దొరక్కపోతే పద్ధతి 1. అయితే ఫలితం ఒక్కటే చూడకండి. పద్నాలుగేళ్ల గురికాడికి బంతి మోయడం నేర్పకపోతే రేపు వాడు ఎత్తు పెరగకుండా ఆగిపోయినప్పుడు ఆడటానికి చోటే ఉండదు. చిన్న పోటీల్లో, ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో పద్ధతి 2 ఆడించండి, తప్పులు చేయనివ్వండి. జోనల్స్‌కి వచ్చాక మార్చుకోవచ్చు.

కాలేజీ, యూనివర్సిటీ టీమ్‌లకు. పద్ధతి 3. ఎస్కేయూ, జేఎన్‌టీయూ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల పరిధిలో కాలేజీల పోటీలంటే వరస రోజుల్లో మ్యాచ్‌లు పడొచ్చు. మొదటి రోజే ఇద్దరినీ చెరో 38 నిమిషాలు ఆడిస్తే ఫైనల్‌కి కాళ్లు ఉండవు.

అమ్మాయిల టీమ్‌లకు. నేను చూసినంతలో ఈ స్థాయిలో ప్రెస్‌ని దాటగలిగిన టీమే గెలుస్తుంది. రెండో గార్డ్‌కి కూడా బంతి దాటించడం నేర్పే దాకా దూసుకెళ్లే అమ్మాయికి ఫౌల్స్ పడకుండా కాపాడుకోండి. మొదటి సగంలోనే మూడు ఫౌల్స్ వస్తే, ముందే వేసుకున్న నిమిషాల టేబుల్‌ని నమ్ముకుని ఆడించడం కంటే కూర్చోబెట్టడం మేలు.

సాయంత్రం సరదాగా ఆడే పాత ఆటగాళ్లకు. పద్ధతి 2 ఆడుకోండి. ఆనందం ముఖ్యం.

గాలి ఎక్కువున్న రోజు ఎవరికైనా. ఏ పద్ధతిలో ఉన్నా, గురికాడిని లైన్ దగ్గర నుంచి నాలుగడుగులు లోపలికి తెచ్చి బోర్డు తగిలే కోణం నుంచి వేయించండి.

## చివరి రెండు నిమిషాలు

ఇక్కడ పద్ధతులన్నీ పక్కకు పోతాయి. ఇద్దరూ కోర్టులో ఉండాలి, ఉండేలా ఫౌల్స్ దాచుకోవాలి.

ముందంజలో ఉంటే ఎదుటివాళ్లు కావాలని ఫౌల్ చేస్తారు. ఒక క్వార్టర్‌లో అయిదో టీమ్ ఫౌల్ నుంచి రెండేసి ఫ్రీ త్రోలు. అప్పుడు బంతి సగం దాటేవరకు దూసుకెళ్లేవాడి చేతిలో, దాటాక గురికాడి చేతిలో ఉండాలి, ఎందుకంటే ఫౌల్ పడబోయేది బంతి ఉన్నవాడి మీదే. ఈ చిన్న మార్పు ప్రాక్టీస్ చేయని టీమ్‌లు ఫ్రీ త్రో లైన్ దగ్గర మ్యాచ్ పోగొట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను.

వెనకబడి ఉంటే, లేదా దూసుకెళ్లేవాడు అయిదు ఫౌల్స్‌తో బయటికి పోతే, ఒక నియమం గుర్తుంచుకోండి. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో మన సగంలో మనకు త్రో ఇన్ (గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడం) ఉన్నప్పుడు టైమ్ అవుట్ తీసుకుంటే, బంతిని ఎదుటి సగంలోని త్రో ఇన్ గీత దగ్గర నుంచి వేయమని అడగొచ్చు. షాట్ క్లాక్ (దాడికి మిగిలిన సమయం) 14 సెకన్లకు మించి ఉండదు, కానీ ప్రెస్ బాధ మొత్తం తప్పుతుంది. బంతి మోయలేని గురికాడికి ఇది వరం. మ్యాచ్ రెండో సగంలో ఉండే మూడు టైమ్ అవుట్‌లలో కనీసం ఒకటి దీనికోసం దాచండి.

చివరి షాట్ ఎవరిది అన్నది మాత్రం ముందే తేల్చకండి. బంతి దూసుకెళ్లేవాడికి ఇవ్వండి, గురికాడిని వాడికి కనిపించే మూలన నిలబెట్టండి. సాయానికి డిఫెండర్ కదిలాడా లేదా అన్నది చూసి వాడే తేల్చుకుంటాడు.

## వాళ్లతో ఎలా చెప్పాలి

సీజన్ మొదలయ్యే ముందు ఇద్దరినీ కలిపే కూర్చోబెట్టండి, విడివిడిగా వద్దు. విడిగా చెప్తే రెండోవాడికి ఇంకేదో చెప్పారని అనుమానం పుడుతుంది. పద్ధతి 3లోని నిమిషాల టేబుల్‌ని కాగితం మీద గీసి ముందు పెట్టండి, ఎవరు ఎప్పుడు కూర్చుంటారో వాళ్లకు ముందే తెలియాలి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి మ్యాచ్‌కీ మూడు లెక్కలు చాలు: ఇద్దరూ ఉన్నప్పుడు స్కోరు తేడా, దూసుకెళ్లేవాడు ఒక్కడే ఉన్నప్పుడు తేడా, గురికాడు ఒక్కడే ఉన్నప్పుడు తేడా. బెంచీ మీద ఉన్న జూనియర్ ఎవరైనా రాయగలడు. అయిదారు మ్యాచ్‌ల తర్వాత ఆ పేజీలు ఇద్దరి ముందు తెరవండి. మీరు వేసుకున్న నిమిషాలు తప్పని ఆ అంకెలు చెప్తే, వాళ్ల ముందే పెన్సిల్‌తో కొట్టేసి కొత్తవి రాయండి.